ఎర్రజెండా కాకా

మొన్న రాజురా వైపు ఒక పెళ్లికి పోతుంటే మధ్యలో ఆటో ఆగిపోయింది. పక్కనే ఓపెన్‌కాస్ట్ గని. బ్లాస్టింగ్ ఉన్నట్టుంది, ఒక కుర్రాడు ఎర్రజెండా పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. మా వెనక లారీలు, బస్సు, కార్లు వరసగా ఆగాయి. ఆగినవాళ్లంతా ఫోన్లు తీశారు. ఆ కుర్రాడి మొహం ఒక్కరూ చూడలేదు. నేను ఆటో దిగి దగ్గరికి పోయి, "ఏ ఊరు నాయినా మీది?" అని అడిగాను. వాడు నాకేదో అయిందనుకుని, "కాయ్ ఝాలం మావ్‌శీ?" అన్నాడు కంగారుగా, ఏమైంది పిన్నీ అని. ఏమీ కాలేదని చేయి ఊపి వచ్చి ఆటోలో కూర్చున్నాను. పెళ్లిలో అన్నం సరిగా తినలేదు.

చనిపోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలంటారు. ఆ కుర్రాడు గుర్తుచేసిన మనిషి గురించి మాత్రం నేను ముందు విసుగే చెప్తాను, ఎందుకంటే ముందు వచ్చింది అదే. పేరు రాయను. బతికున్నన్నాళ్లూ ఆ పేరు నాకు తెలియదు. పోయాక ఎవరో చెప్పారు. బతికుండగా పిలవని పేరు ఇప్పుడు రాస్తే ఎవరికోసం? నాకు ఆయన కాకా. మోటారుసైకిళ్ల మీద పందేలు వేసే పోరగాళ్లకు జెండా ఆజోబా, అంటే జెండా తాత.

చంద్రపూర్ బైపాస్ పక్కన నాకు టిఫిన్ బండి ఉంది. ఇడ్లీ, దోశ మన రుచి. అటుకులతో చేసే పోహా, దాని మీద ఎర్రటి కారం తర్రీ ఈ ఊరి రుచి. రెండూ లేకపోతే ఇక్కడ బండి నడవదు. మా నాయిన మంథని దగ్గర నుంచి బొగ్గు గనిలో పనికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టి, మరాఠీ బడిలో చదివి, తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర బియ్యప్పళ్లెంలో దిద్దుకున్నాను. నా రాతలో తప్పులుంటే నన్ను తిట్టుకోండి, మా అమ్మను కాదు.

ఆయన మొదటిసారి నా బండి దగ్గరికి వచ్చిన రోజు, అరచేయి నా మొహానికి అడ్డంగా ఎత్తి, "ఆగు" అన్నాడు. దోశ తిప్పబోతున్నదాన్ని ఆగిపోయాను. పెనం కింద పామేమన్నా ఉందా అనుకున్నాను.

"ఏ ఊరు బిడ్డా మీది?" అన్నాడు.

దోశ మాడిపోయింది. ఆ దోశ ఆయనకే పెట్టాను. నల్లగా ఉన్న వైపు చూసి, "మంచిగ కాలింది" అని తిన్నాడు. అప్పుడే అర్థమైంది, ఈ మనిషితో గొడవ పెట్టుకోలేమని.

ఆయనకు అది రోగంలాంటి అలవాటు. ఎవరితో మాట్లాడాలన్నా ముందు చేయి ఎత్తి ఆపాలి. పాలవాణ్ని ఆపేవాడు, పేపరువాణ్ని ఆపేవాడు, ఒకసారి ఆవును ఆపాడు. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం. అందుకని గుసగుస కూడా అరిచే చెప్పేవాడు. గనిలో ఉన్నన్నాళ్లూ బ్లాస్టింగ్ గార్డు పని చేశాడు. పేల్చే ముందు సైరన్ మోగుతుంది. నాలుగు దిక్కులా గార్డులు ఎర్రజెండాలు ఎత్తి, మనుషుల్నీ బండ్లనూ ఆపుతారు. నేల అదురుతుంది, దుమ్ము లేస్తుంది. అంతా అయిందని ఇంకో సైరన్ మోగితే తప్ప జెండా దిగకూడదు. కలెక్టరు వచ్చినా దిగకూడదు. ఇదీ ఆయన ఉద్యోగం.

ఇందులో గొప్పేముంది అంటారా? నేనూ అదే అన్నాను. ఆయన లెక్క వేరు. జెండా ఎత్తి ఉన్నంతసేపూ ఆగినవాళ్లు ఏం చేస్తారు? ఆ రోజుల్లో ఫోన్లు లేవు. దిగి తంబాకు నలుపుకునేవాళ్లు, ఆయనకూ ఇంత పెట్టేవాళ్లు. ఎక్కడినుంచి, ఎక్కడికి, పంట ఎట్లుంది, బిడ్డ పెండ్లి అయిందా. ఒకసారి ఒక పెళ్లి బృందం ఆగిందట. ముహూర్తం మించిపోతుందని పెద్దవాళ్లు నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, పెండ్లికొడుకు బాసింగంతో దిగి వచ్చి ఆయన నోట్లో పాన్ పెట్టి, "నా పెండ్లికి మొదటి సుట్టానివి నువ్వే" అన్నాడట. ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ పాన్ నములుతున్నట్టు దవడ కదిలించేవాడు.

పని విరమించాక గని క్వార్టర్ ఖాళీ చేసి, నా బండి వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. భార్య ఎప్పుడో పోయింది. పిల్లలు లేరు. ఇక ఆయన కోసం ఆగేవాళ్లు ఎవరు? ఎవరి తొందర వాళ్లది. చేయి ఎత్తితే జనం పక్కనుంచి తప్పుకుని పోయేవాళ్లు. ఆగింది నేనొక్కదాన్నే. పెనం వదిలి ఎక్కడికి పోతాను కనుక?

ఇక ఆ పోరగాళ్ల సంగతి. ఆదివారం తెల్లవారుతుంటే బైపాస్ మీదికి మోటారుసైకిళ్లు దిగుతాయి. కాలేజీ పిల్లలు, ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనివాళ్లు, ఏ పనీ లేనివాళ్లు. సైలెన్సర్లు మార్పించి టపాకాయల్లా పేలుస్తారు. నంబరు ప్లేట్లు పైకి మడుస్తారు. అద్దాలు పీకేస్తారు, వెనక ఏమొస్తుందో చూడటం వాళ్లకు నామోషీ. ఇద్దరిద్దరుగా, నలుగురు నలుగురుగా పందెం. ఓడినవాడు అందరికీ నా దగ్గర పోహా పెట్టించాలి. అలా నాకు గిరాకీ, ఆ మాట దాచను. ఒక చేత్తో పోహా పెడుతూ రెండో చేత్తో తిట్టేదాన్ని. "మీ అమ్మలు నవమాసాలు మోసింది ఇందుకారా, రోడ్డుకు పూయనీకా?" అంటే, "ఇంకింత తర్రీ వెయ్యక్కా" అనేవాళ్లు. దున్నపోతు మీద వాన. పోలీసు బండి కనిపిస్తే పిట్టల్లా లేచిపోయేవాళ్లు, అది పోగానే మళ్లీ వాలేవాళ్లు.

వాళ్లలో ఇద్దరు మన తెలుగు పిల్లలు, గని కాలనీవాళ్లు. సాగర్ పొడుగు, మాట తక్కువ. బంటి పొట్టి, నోరు మూతపడదు. బంటి తండ్రి గనిలో డంపర్ నడుపుతాడు.

ఒక ఆదివారం కాకా బజారులో ఎర్రగుడ్డ కొని, జెండా కుట్టించుకుని వచ్చాడు. వచ్చి రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. అటునుంచి బండ్లు రొద పెట్టుకుంటూ వస్తున్నాయి. "కాకా, పక్కకు జరుగు!" అని అరిచాను. ఆయన జెండా ఎత్తాడు.

ఆగాయి. ఒక్కటి కాదు, అన్నీ ఆగాయి!

బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది, మాకు కాదు. గని పక్కన పెరిగినవాడు నడక వచ్చినప్పటినుంచీ తల్లి చేయి పట్టుకుని ఆ జెండా ముందు ఆగినవాడే. నేల అదిరేదాకా నిలబడి, అది దిగాకే అడుగు వేసినవాడే. పోలీసు చేయి చూస్తే పారిపోతాం కానీ ఎర్రజెండా చూస్తే కాళ్లు వాటంతటవే నేలకు ఆనుతాయి. ఆ పిల్లలు తమ మీద తామే నవ్వుకుంటూ ఆగారు.

ఆయన జెండా ఎత్తిపట్టుకునే ఆ వరస పొడుగునా నడిచాడు. "నీదే ఊరు? మీ తాత ఏ గనిల చేసిండు? మీ అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా?" ఆ పిల్లల్ని ఆ మాటలు ఇంట్లోవాళ్లు కూడా అడిగి ఉండరు. మొదట ఇకఇకలు, తర్వాత జవాబులు. బంటి మాత్రం ఎదురు ప్రశ్నలు వేసేవాడు.

"ఆజోబా, నువ్వెప్పుడన్న బండి నడిపినవా?"

"నాకు సైకిలే రాదురా."

"మరి మాకేం జెప్తవ్?"

"నడుపుడు మీకచ్చు. ఆగుడు నాకచ్చు. నాకచ్చింది నేను జెప్త."

అటుపక్క బొగ్గు లారీ ఏదైనా ఉంటే అది దాటిపోయేదాకా చూసి, "ఇగ పోండ్రి, నిమ్మళంగ పోండ్రి" అని జెండా దించేవాడు. దించగానే రోడ్డుకు వీపు తిప్పి, గుడ్డను కర్రకు చుట్టుకుంటూ నా బండి వైపు వచ్చేవాడు. అదీ గని అలవాటే. అక్కడ జెండా దించిన గార్డు రోడ్డు వైపు చూస్తూ నిలబడడు, గని వైపు తిరిగి లోపలివాళ్లకు చేయి ఊపాలి. ఆయన వీపు వెనక బండ్లు ఒక్క ఉదుటున లేచేవి. ఆ చెవులకు అది ఏ లారీ చప్పుడో అనిపించేదేమో.

"సూసినవా బిడ్డా? ఆగిండ్రు" అనేవాడు టీ గ్లాసు అందుకుంటూ.

"ఆగి మల్ల పోయిండ్రు కాకా!"

"ఆగిండ్రా, లేదా?"

"ఆగిండ్రు, నీ పుణ్యమా అని."

"ఒక్కపారి ఆగినోనికి నెత్తురు సల్లవడ్తది. నాకెరుక."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఊరుకున్నాను. ఎలాగూ పందేలు పెట్టుకునేవాళ్లు పెట్టుకుంటూనే ఉన్నారు, ఈయన నాలుగు మంచి మాటలు చెప్తే పోయేదేముంది అనుకున్నాను.

ఆయన గురించి చుట్టుపక్కల ఒక కథ పుట్టింది. కొడుకు ఇదే రోడ్డు మీద బండి మీదనుంచి పడి పోయాడట, అందుకే ఇలా తయారయ్యాడట. నేనూ నమ్మాను. ఒకరోజు జాలిగా అడిగాను. "కాకా, మీ కొడుకు ఏ ఏడు పోయిండు?"

ఆయన చేయి ఎత్తి నన్ను ఆపాడు.

"నాకు పిల్లలే కాలే బిడ్డా. ఎవలన్న సస్తెనే నిలవడాల్నా?"

నాకు సిగ్గేసింది. ఆ పూట ఆయనకు రెండు గరిటెలు ఎక్కువ తర్రీ పోశాను. కారం నషాళానికి అంటి దగ్గుతూ తిన్నాడు.

విచిత్రం ఏమిటంటే, ఆయన నిలబడటం మొదలుపెట్టాక గుంపు తగ్గలేదు, పెరిగింది. బల్లార్పూర్ నుంచి వచ్చారు. వరోరా నుంచి వచ్చారు. చూడటానికి అమ్మాయిలు స్కూటీల మీద వచ్చారు. కాకా మురిసిపోయాడు. ఎంతమంది వస్తే అంతమందిని ఆపవచ్చు కదా! కొత్తవాళ్ల ఊర్లన్నీ అడిగి గుర్తుపెట్టుకున్నాడు. పెళ్లి బృందం కథ వాళ్లకూ చెప్పాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను ఆ రోజుల్లోనే చూశాను.

ఒక ఆదివారం బంటి పోహా తింటూ, "ఆజోబా, నువ్వు ఫేమస్ అయినవ్!" అని ఫోన్ తెచ్చి ఆయన మొహం ముందు పెట్టాడు. ఎవరో తీసిన వీడియో. వెనక ఢమఢమలాడే సంగీతం. ఆ మధ్యలో, నెమ్మదిగా, తెల్లబట్టలతో ఒక ముసలాయన జెండా దించుతున్నాడు.

"ఎవలురా గీ ముసలోడు?"

"నువ్వే!"

ఆయన నోరంతా తెరిచి నవ్వాడు. తనను తాను అలా ఎప్పుడూ చూసుకోలేదు. "ఇంకోపారి ఏయ్" అన్నాడు. బంటి వేశాడు. "ఇంకోపారి." మళ్లీ చూస్తున్నప్పుడు నవ్వు ఆగిపోయింది. వేలు పెట్టి తెర మీద చూపించాడు. ముసలాయన వీపు తిప్పి జెండా చుట్టుకుంటున్నాడు, ఆ వీపు వెనక బండ్లన్నీ ఒక్కసారిగా ముందు చక్రాలు లేపి దూకుతున్నాయి.

"నా ఎనుక గిదైతుందా?"

"మరి?" అన్నాడు బంటి, పొగుడుతున్నాననుకుని. "ఇంతకుముందు ఎవడు ముందుగాల కదిలిండని రోజు లొల్లే ఆజోబా. తన్నుకుంటుండె. నువ్వచ్చినంక లొల్లే లేదు. నువ్వు అందరికి సమానం గద. వరోరా పోరలు గుడ నీ జెండా మీదనే నమ్మకంతోటి అస్తుండ్రు. నువ్వే మా స్టార్టర్."

వాడి మాటలో ఎగతాళి లేదు. ప్రేమగానే అన్నాడు. కాకా గ్లాసు పక్కన పెట్టాడు. నా వైపు తిరిగాడు.

"బిడ్డా, నేను ఆపుతలేనా? ఇడుస్తున్ననా?"

ఊళ్లో నా నోటికి భయపడనివాళ్లు లేరు. ఆ రోజు మాత్రం తల వంచుకుని పెనం తుడిచాను. ఇన్నాళ్లూ కళ్లముందు జరిగింది నాకూ అప్పుడే అర్థమైంది. ఆయన ఆపితే వాళ్లు వరసగా సర్దుకుంటున్నారు. ఆయన దించితే పందెం మొదలవుతోంది. గనిలో నేర్చుకున్నది నేర్చుకున్నట్టుగా చేసి, పందేనికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరూ చేయలేనంత బాగా చేసి పెట్టాడు.

తర్వాతి ఆదివారం రాడనుకున్నాను. వచ్చాడు. ఎప్పటిలాగే రోడ్డు మధ్యలో నిలబడి జెండా ఎత్తాడు. బండ్లు వరసకట్టాయి. ఆయన ఎవరి ఊరూ అడగలేదు. జెండా దించలేదు.

ముందు నవ్వారు. తర్వాత హారన్లు కొట్టారు. "ఆజోబా, ఝెండా ఖాలీ కరా నా!" అని బతిమాలారు, జెండా దించమని. ఫోన్ పట్టుకున్నవాడికి చేయి నొప్పి పుట్టి ఫోన్ దించేశాడు.

"సైరన్ కాలే" అన్నాడు కాకా.

"ఏం సైరన్ ఆజోబా? ఈడ గని ఏడున్నది?" బంటి అరిచాడు.

"నాకినవడాలె. నాకింక ఇనవడలే."

బంటికి రోషం వచ్చింది. బండి ముందుకు తోసి ఆయన పక్కనుంచి పోనిచ్చాడు. ముందు చక్రం జెండా దాటింది. ఎదురుగా రోడ్డంతా ఖాళీ. వాడు అక్కడే ఆగి, వెనక్కి తిరిగి ఆయన చేయి చూశాడు. ఏమనుకున్నాడో, కాళ్లతో బండిని వెనక్కి నెట్టుకుంటూ వచ్చి వరసలో నిలబడ్డాడు. డంపర్ డ్రైవర్ కొడుకు కదా.

ఎండ ఎక్కింది. చంద్రపూర్ ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు, పొద్దున్నే నెత్తి మీద నిప్పుల కుంపటి. ఒక్కొక్క ఇంజినూ ఆగిపోయింది. పోరగాళ్లు దిగి నా బండి దగ్గరికి వచ్చి, ఓడినవాడూ గెలిచినవాడూ లేకుండా ఎవరి పోహా వాళ్లు తిన్నారు. కాకా జెండా ఎత్తిన చేతికి రెండో చేతిని ఊతంగా పెట్టుకున్నాడు. నేను టీ తీసుకుపోతే పట్టుకోవడానికి చేయి ఖాళీ లేదు, గ్లాసు నేనే ఆయన నోటికి ఆనించాను. పసిపిల్లవాడిలా తాగాడు. చివరి బండి ఇంటి వైపు తిరిగి కనిపించకుండా పోయాకే జెండా దిగింది. ఆ దించిన చేతిని మళ్లీ ఎత్తలేక, చొక్కా గుండీ నన్ను పెట్టమన్నాడు.

గెలిచాడు. ఆ తర్వాత బైపాస్ మీదికి వాళ్లు రాలేదు.

నేను దేవుడికి దండం పెట్టుకున్నాను, గిరాకీ పోయినా సరే. కాకా మాత్రం వస్తూనే ఉన్నాడు. ఆదివారం తెల్లవారకముందే వచ్చి, ఖాళీ రోడ్డు మీద జెండా చుట్టి పట్టుకుని నిలబడేవాడు. పాలవాణ్ని ఆపి ఊరు అడిగేవాడు. వాడు ఆ ఊరి పేరు ఇప్పటికి నూరుసార్లు చెప్పి ఉంటాడు.

"ఎటు పోయిండ్రు బిడ్డా?" అని అడిగేవాడు.

"ఎటో పోయిండ్రు. పీడ పోయింది."

"మంచిదే" అనేవాడు. అని ఆ రోడ్డు చివరిదాకా చూసేవాడు. వాళ్లు చావకూడదు. వాళ్లు రావాలి కూడా. ఆ రెండూ ఒక్క మనిషి గుండెలో ఎలా పట్టాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

వాళ్లు కోఠారి దారికి పోయారని తర్వాత తెలిసింది. బల్లార్పూర్ దాటాక అడవి రోడ్డు. అక్కడ జెండా లేదు, టిఫిన్ బండి లేదు, తిట్టేవాళ్లు లేరు. ఒక ఆదివారం పందెంలో ఉండగా అడవిపంది రోడ్డుకు అడ్డం వచ్చింది. ముందు ఉన్నది బంటి. ఆసుపత్రిదాకా కూడా రాలేదు పిల్లవాడు.

పరామర్శకు నేనూ కాకా కలిసి పోయాం. ఇంటి ముందు టెంటు కింద తండ్రి కూర్చున్నాడు. కాకాను చూడగానే లేచాడు.

"నువ్వు ఈడ ఆపకపోతె అయిపోతుండె గదనే కాకా! ఈ రోడ్డు సక్కగుండె. అటు కొసదాంక కనవడుతుండె. అడివిల వడి సచ్చిండు నా కొడుకు, అడివిల వడి!"

నాకు కోపం ఆగలేదు. "ఏం మాట్లాడుతున్నవన్నా? ఈ ముసలాయన ఏం జేసిండు?" అని లేచాను. కాకా అరచేయి ఎత్తాడు, నాకు అడ్డంగా. ఆగిపోయాను.

"అవు బిడ్డా" అన్నాడు ఆయన ఆ తండ్రితో. "ఈడ ఆపిన. ఆడ ఆపలే."

ఆ తండ్రి కూలబడ్డాడు. కాకా ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆయన ఒక్కరిని కూడా ఆపలేదు, ఏ ఊరని అడగలేదు.

తర్వాతి ఆదివారం బైపాస్ మీద కాకా కనిపించలేదు. మనిషి విరిగిపోయాడనుకున్నాను. బండి కట్టేశాక గదికి పోయి చూస్తే తాళం. సాయంత్రం సాగర్ వచ్చాడు. మాట తక్కువవాడు, ఆ రోజు వాడంతట వాడే చెప్పాడు. బంటి జ్ఞాపకానికని వాళ్లు పందెం పెట్టుకున్నారట. పోయినవాడి ఫోటోలు బండ్లకు అంటించుకుని, వాడు పోయిన రోడ్డు మీదే! పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. చెంప పగలగొడదామని చేయి లేచింది. వాడి కళ్లు చూసి దించుకున్నాను.

"మేం పోయెసరికి ఆజోబా ఆడున్నడక్కా" అన్నాడు. "మొదటి సర్కారు బస్సుకు అచ్చిండట. జెండా ఎత్తి నిలవడ్డడు. ఎవల ఊరు గుడ అడగలే. వరోరోళ్లు పక్కపొంటి మట్టిలకెల్లి దాటిండ్రు. మేం దాటలే."

"మరేం జేసిండ్రు?"

"నిలవడ్డం."

ఆ తర్వాత ప్రతి ఆదివారం అంతే. తెల్లవారకముందే బస్టాండుకు పోయేవాడు. ఆ వయసులో, ఆ చెవులతో, బస్సు ఎక్కి అడవి మొదట్లో దిగి నిలబడేవాడు. వద్దని ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖమే, ఇక్కడ సామెత కూడా సామెతలా లేదు. కొన్నిసార్లు పోరగాళ్లు వచ్చేవాళ్లు, కొన్నిసార్లు రాకపోయేవాళ్లు. రాని రోజు ఒక్కడే నిలబడి తిరుగు బస్సులో వచ్చేవాడు. నేను ఒకసారి, "ఎవలన్న అచ్చిండ్రా?" అని అడిగితే, "కోతులచ్చినయ్" అని నవ్వబోయాడు. ఆ నవ్వు పూర్తి కాలేదు.

వానాకాలం వచ్చింది. ఒక ఆదివారం నిలువునా తడిసి వచ్చాడు, ఆ రాత్రికే జ్వరం. పెద్దాసుపత్రిలో గది యజమానితో పేరు రాయించి చేర్పిస్తే నర్సమ్మ, "నువ్వేమవుతావు?" అని అడిగింది. కూతురినన్నాను. ఆయన మంచం మీద పడుకుని కళ్లు తెరిచినప్పుడల్లా ఒకటే మాట.

"ఇయ్యాల ఐతారమా?"

"కాదు కాకా. ఇంకా శుక్రారమే."

మరునాడూ శుక్రవారమే అన్నాను, ఆ మరునాడూ అన్నాను. "పోరలు రారు గద" అని మళ్లీ కళ్లు మూసుకునేవాడు. ఆయన నన్ను నమ్మాడు. ఆ వారంలో ఒక తెల్లవారుజామున పోయాడు. నేను మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయిన కాసేపట్లో పోయాడు, పక్కన ఎవరూ లేనప్పుడు.

కట్టెలు కాలినవేళ నదిగట్టు మీద నేను, మా ఆయన, గది యజమాని, బంటి తండ్రి, ఆ పోరగాళ్లలో కొందరు. వాన పడుతూ ఆగుతూ ఉంది. ఎవరికి ఎవరం ఏమవుతామో తెలియని మనుషులం, ఎవరి గొడుగు కింద వాళ్లం నిలబడి చూశాం.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం పొద్దున్నే సాగర్ నా బండి దగ్గరికి వచ్చాడు. టీ ఇచ్చాను. తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"అక్కా, ఇగ మమ్మల్ని ఎవలు ఆపుతరు?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. "మీ అంతల మీరు ఆగలేరారా? కాళ్లు లేవా, చేతులు లేవా, బండికి బ్రేకు లేదా? ఇంకెవలు రావాలెరా మీకు, యముడు రావాల్నా?"

వాడు నా ప్రశ్నను నిజంగానే ఆలోచించాడు. చల్లారిన టీ తాగాడు.

"మస్తు అనుకుంటమక్కా" అన్నాడు. "అయితలేదు."

గ్లాసు నా చేతికిచ్చి బండి ఎక్కి, కోఠారి వైపు తిరిగాడు.